బస్సులో బుసకొట్టిన ద్రాక్షరసం

దగ్గరికి జరిగి కూర్చోండి, ఒకాయన సంగతి చెబుతాను. ఆయన పేరు నేను అడగనేలేదు.

ఏటా క్రిస్మస్‌కు జాడీలో ద్రాక్ష, చక్కెర, లవంగాలు వేసి పులియబెడతాను. ఆ ఏడు పూర్తిగా పులియకముందే గాజు సీసాలో పోసి, కారుతుందేమోనని మూత గట్టిగా బిగించి, మనవరాలితో చిత్తూరులో తిరుపతి బస్సెక్కాను. ఇంజిను పక్కన సీటు దొరికింది. సీసా ఉన్న సంచి మీద తల పెట్టి బిడ్డ నిద్రపోయింది.

కాసేపటికి సంచిలో బుసబుస వినిపించింది. పామేమోనని కాళ్లు పైకి ముడుచుకున్నాను.

పక్కసీటాయన వాసన పట్టి, "సంచిలో వైనా మా?" అన్నాడు. తలూపాను. "లోపల గాలి నిండి సీసా పగిలేట్టుండాది. బిడ్డను లేపొద్దు, సంచి కదులుతాది" అన్నాడు.

బిడ్డ బుగ్గకూ సీసాకూ నడుమ తన అరచేయి అడ్డం పెట్టాడు. రెండో చెయ్యి సంచిలోకి దూర్చి మూతను వెంట్రుకవాసి తిప్పాడు, ఆగాడు, మళ్లీ తిప్పాడు. నాకు ప్రార్థన కూడా గుర్తు రాలేదు. చివరికి గాలంతా పోయింది.

వైన్ రుచి చూసి చెప్పడమే ఆయన ఉద్యోగమట. మూత తీసి, దానికంటిన రెండు చుక్కలు చప్పరించాడు.

"నాసిక్‌ది, బెంగుళూరుది, ఫ్రాన్సుది అన్నీ తాగి సూసినాను. దేన్లో సూసినా ఆ నేల తెలుస్తాది."

"మరి దీన్లో అబ్బా?"

"దీన్లో నీ తొందర తెలుస్తాది మా."

నవ్వబోయి ఏడ్చాను. మూత తిరిగి బిగించేదాకా ఆయన ఆ అరచేయి తీయలేదు.

మీ గడపకు ప్రతి పండగా క్షేమంగా రావాలి, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి.