పొడి అక్షరం

అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో తెలుగువాళ్ళం కొందరం నెలకో శనివారం ఎవరో ఒకరి ఇంట్లో కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్ళం. అమెరికా తొలినాటి రచనల్లో స్వేచ్ఛ కోసం పడ్డ తపన, ఆ ఏడాది మేం పెట్టుకున్న విషయం. స్కూల్లో అవే పాఠాలు కాబట్టి పిల్లల్నీ కూర్చోబెట్టేవాళ్ళం. ఆ గుంపును తలచుకుంటే ఇప్పటికీ నాకు వెగటు పుడుతుంది. వాళ్ళ మీద కొంత, నా మీద ఎక్కువ.

ఆ రోజు తప్పించుకుపోయిన బానిసలు రాసుకున్న జీవితకథల గురించి మాట్లాడుకున్నాం. ఎవరి పొలంలో చాకిరీ చేస్తే ఆ యజమాని ఇంటిపేరే చాలామందికి అంటగట్టేవారు. పారిపోయి బయటపడ్డాక కొందరు ముందుగా ఆ పేరు వదిలించుకుని తమకు నచ్చింది పెట్టుకున్నారు. ఇదంతా చెప్పింది, మేం ఆ రోజు కలిసిన ఇంటావిడ. "మనిషికి పేరు కూడా మిగల్చలేదు చూడండీ, ఎంత దుర్మార్గం!" అని కళ్ళు తుడుచుకుంది. అందరం తలలూపాం. పన్నెండేళ్ళ నా కూతురు ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది.

పది నిమిషాలు కాలేదు. మిర్చి బజ్జీలు వడ్డిస్తూ అదే ఆవిడ నన్నడిగింది. "ఏమండీ, వాట్సాప్‌లో మీ పేరు ముందు ఒట్టి ఇనిషియలే ఉంటుంది. ఫుల్‌గా ఏంటండీ? గుంటూరు సైడ్ అన్నారు కదా, మావాళ్ళేమోనని."

మావాళ్ళు అంటే ఏమిటో నాకు తెలియనిదా? మా ఇంటిపేరు చెబితే మాది ఊరి చివరి పేట అని, మాది ఏ కులమో ఇట్టే తెలిసిపోతుంది. ఇప్పుడే తుడుచుకున్న కళ్ళతో ఆ ప్రశ్న అడగడానికి ఆవిడకు సిగ్గు లేదు. నాకు ఒళ్ళు మండింది. "మీకెందుకండీ?" అనాల్సింది. అనలేదు. అదే అక్షరంతో మొదలయ్యే మరో ఇంటిపేరు నోట్లోంచి ఊడిపడింది. మా నాయనమ్మ జీవితమంతా ఎవరి పొలంలో నాట్లు వేసిందో, ఆ మోతుబరి ఇంటిపేరు.

"అయ్యో, మనవాళ్ళే!" అంటూ ఆవిడ నా ప్లేట్లో ఇంకో రెండు బజ్జీలు వేసింది. నేను తిన్నాను కూడా. ఆ బానిసలు ప్రాణాలకు తెగించి వదిలించుకున్నదాన్ని నేను ఏరికోరి తగిలించుకున్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

కారెక్కాక నా కూతురు సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ అడిగింది. "మమ్మీ, నువ్వు చెప్పిన లాస్ట్ నేమ్ మనది కాదు కదా?"

"కాదు."

"మరి వై?"

ఆ ఇంటావిణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. ఆ ఏడుపంతా పుస్తకంలో ఉన్నవాళ్ళ కోసమేనని, పక్కన కూర్చున్న మనిషి మాత్రం ఆవిడకు కనబడదని. ఈ తలవంపు నాతోనే ఆగిపోవాలి, నా కూతురికి అంటకూడదు అన్న ఒక్క ఆశతోనే నేను ఈ దేశాన్ని పట్టుకుని వేలాడుతున్నాను. నా కూతురు అంతా ఓపిగ్గా విని, "నెక్స్ట్ మంత్ ఆంటీ నన్ను అడిగితే నేనేం చెప్పాలి?" అంది.

ఎర్రలైటు దగ్గర ఆగి ఉన్నాం. నిజం చెప్పమనడానికి కావలసినంత టైముంది.

"నేను చెప్పిందే చెప్పు" అన్నాను.

అది ఆ ఇంటిపేరును తన అమెరికన్ యాసలో రెండుసార్లు పలికి చూసుకుంది. సరిగ్గా రాలేదు. నేనే దిద్దాను.