బొమ్మలో నెరిసిన జుట్టు

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయే రకం నేను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రుజువు లేని మాట పిల్లలు చెప్పినా ఒప్పుకోను, పెద్దలు చెప్పినా ఒప్పుకోను. రెండేళ్ల కిందట రాయచూరులో మా ఇంట్లోనే, అదీ పట్టపగలు, జరిగిన ఈ సంగతికి మాత్రం నా దగ్గర రుజువుంది, కారణం లేదు.

నీటి రంగులతో బొమ్మలు వేయడం నలభై దాటాక మొదలుపెట్టాను. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. మామిడికాయలు, మందారాలు, స్టాఫ్‌రూములో తోటి టీచర్ల ముఖాలు. ఒకావిడ తన బొమ్మ చూసుకుని, ఇది మా అత్తగారిలా ఉందని వారం రోజులు నాతో మాట్లాడలేదు. అంత గొప్ప చేయి నాది.

అలాంటి నన్ను నర్సమ్మక్క బొమ్మ వేయమని అడిగింది. మా గల్లీలోనే ఆరిళ్ల అవతల జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె భర్త మల్లేశు మస్కి సంతకు పోయొస్తానని ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి మళ్లీ రాలేదు. పోలీసులకు చెప్పారు, ఊళ్లు తిరిగారు, మొక్కులు మొక్కారు. ఎక్కడా జాడ లేదు. అప్పటికి పన్నెండేళ్లు నిండబోతున్నాయి. అన్నేళ్లు ఆచూకీ లేకపోతే మనిషి పోయినట్టే లెక్కగట్టి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మలు జరిపే ఆనవాయితీ ఉంది కదా. అది కానిచ్చేద్దామని మల్లేశు వాళ్ల అన్న పట్టుబట్టాడు. కర్మలు చేస్తే ఆమె బొట్టు తీసెయ్యాలి.

"మా బావ ఊకుంటలేడు టీచరమ్మా. పోటో పెట్టాలె, దండెయ్యాలె అంటుండు. పోటో అంటే గిదొక్కటే ఉంది," అని రేషన్ కార్డు కోసం ఎప్పుడో తీయించిన ఫొటో నా చేతిలో పెట్టింది. గోరంత ఉంది. స్టూడియోలో పెద్దది చేయిస్తే ముఖమంతా మసకగా వచ్చిందట.

నాకింకా చేయి తిరగలేదక్కా అన్నాను.

"ఎట్లొస్తె గట్ల గియ్యి, ఫికర్ లేదు. గని సచ్చినోని లెక్క గియ్యకు. మొఖం నిమ్మళంగ ఉండాలె. ఆయన ఉన్నడు. పోయుంటె నా పానానికి ఎర్కయితుండె గద."

ఫొటోలో మల్లేశుకు ముప్పై ఐదేళ్లుంటాయేమో. ఒత్తైన నల్లటి జుట్టు, దట్టమైన మీసం.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేను నేర్చుకున్న పద్ధతిలో తెల్లరంగు వాడరు. తెల్లగా కనిపించాల్సిన చోట కాగితాన్ని అలాగే వదిలేస్తారు. ఒకసారి ముదురు రంగు పడిందంటే ఆ తెలుపు మళ్లీ రాదు. గట్టిగా రుద్దితే కాగితం నూగు లేస్తుంది తప్ప ముందటిలా కాదు.

ఎండాకాలం సెలవులు. మొదటి రోజు ముఖం వేశాను. ఆమె అడిగినట్టే కళ్లలో, పెదవుల్లో నిమ్మళం తేవడానికి నానా తంటాలు పడ్డాను. రెండో రోజు నీలం, గోధుమ రంగు కలిపి చిక్కటి నలుపు చేసుకుని జుట్టుకు, మీసానికి రెండేసి పూతలు వేశాను. మే నెల ఎండకు ఇట్టే ఆరిపోయాయి. బొమ్మ చూసి నాకే ముచ్చటేసి ఫోనులో ఫొటో తీసుకున్నాను.

మూడో రోజు పొద్దున చూస్తే ఎడమ చెవి పైన తెల్లటి గీతలు. నేనే వదిలేశానేమో అనుకుని నింపేశాను. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి రెండు చెవుల పైనా తెలుపు, మీసంలోనూ తెలుపు. భయం కంటే ముందు కోపం వచ్చింది. అదే బొమ్మల పుస్తకంలోంచి ఇంకో కాగితం చించి, అదే రంగు పూసి పక్కనే పెట్టాను. అది నల్లగానే ఉంది. బొమ్మ మీద తెల్లబడిన చోట వేలితో తడిమాను. నూగు లేదు, మరక లేదు. కుంచె తగలని కాగితంలా నున్నగా ఉంది. ఫోనులో ఫొటోనూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి మా ఆయన బయటికి వెళ్లిపోయారు.

మర్నాడు మళ్లీ నలుపు వేసి, ఆరగానే దినపత్రికలో చుట్టి నేరుగా నర్సమ్మక్క ఇంటికి తీసుకుపోయాను. ఆరిళ్ల దూరం. విప్పేసరికి చెవుల పక్కన జుట్టు నెరిసి ఉంది.

పెనం మీద రొట్టె వదిలేసి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని ఆమె చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

"ముసలోడయిండు."

రంగు నిలవడం లేదక్కా, నేను నల్లగానే వేశాను, చూడు అని ఫోను చూపించాను. ఆమె వినలేదు.

"వాళ్ల నాయనకు గూడ గిట్లనే చెవుల కాడ ముందు నెరిసింది. ఉన్నడు టీచరమ్మా. నేను చెప్పలే?"

ఆ మాటతోనే నవ్వు ఆగిపోయింది. రొట్టె మాడుతున్న వాసన వస్తోంది.

"ఉండి రాలే," అంది మెల్లగా. "యాడనో చిక్కుకున్నడు, రావాల్నని ఉన్నా రాలేకపోతుండు అనుకుంటి ఇన్నేండ్లు. మొఖం సూడు. ఏ ఆపదా లేదు. నిమ్మళంగ ముసలోడయితుండు."

ఆ నిమ్మళం నేను వేసిందేనని, నువ్వడిగితేనే వేశానని చెప్పాలి. చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

నర్సమ్మక్క కర్మలు చేయనివ్వలేదు. సచ్చినోళ్లకు చేస్తరు కర్మలు అని బావతో ఒక్క మాట అని ఊరుకుందట. కానీ ఆ మర్నాటి నుంచి ఆమె నుదుటన బొట్టు లేదు. మొగుడు పోయాడని ఇన్నాళ్లకు ఒప్పుకుంది పాపం అని గల్లీలో అందరూ అనుకున్నారు.

ఆ పుస్తకంలో నేను వేసిన మిగతా బొమ్మలు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. రంగులు అమ్మినాయన నాసిరకం అయ్యుంటుందన్నాడు. నాసిరకం రంగు వెలవడానికి నెలలు పడుతుంది, ఆరిళ్ల దూరం నడిచేలోపు వెలవదు. అయినా ఏ దెయ్యమో, మహిమో అనడానికి నాకింకా నోరు రాదు. నిజానికి అలాంటిదేదో అయితే బాగుండునని ఇప్పుడు నాకే అనిపిస్తుంది. ఎందుకంటే అది కాగితం దోషమో, నా చేతకానితనమో అయితే, పన్నెండేళ్లు ఎదురుచూసిన మనిషి బొట్టు చెరిపింది నేనే.