చింతపండుతో తోమిన పాదం

మధ్యాహ్నం రెండింటికి ట్రక్కు మమ్మల్ని సమాధి గేటు ముందు దింపింది. ఎర్రమట్టి గుట్ట, చుట్టూ ముళ్లతీగ, నడుమ ఒక ఆఫ్రికా దేశపు తొలి నాయకుడి సమాధి. పక్కనే ఉత్తకాళ్లతో నిలబడ్డ ఆయన కంచు విగ్రహం. మేం పన్నెండుమందిమి, ఐక్యరాజ్యసమితి పంపిన నీలి టోపీల శాంతి దళం. నాలుగు గంటలు కాపలా, ఎనిమిది గంటలు విశ్రాంతి. అక్కడ అంతర్యుద్ధం ఆగి ఏడాదే అయింది. రెండు వర్గాలూ మావాడంటే మావాడనుకునే మనిషి ఆయనొక్కడే.

"విగ్రహానికి చిన్న గీత పడ్డా ఈ ఊరు మళ్లీ రగులుతుంది," అని సుబేదార్ సాబ్ మొదటిరోజే చెప్పారు.

మా ఊరు ఎల్లారెడ్డిలో ఇప్పటికీ అడుగుతారు, "ఎన్ని తూటాలు కాల్చినవ్?" అని. ఒక్కటీ కాల్చలేదు. పాడుచేసింది మాత్రం విగ్రహాన్నే.

వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవానికి రెండు రోజుల ముందు, అంతా శుభ్రం చేయమని ఆర్డర్ వచ్చింది. మా దళం వంటాయనది కూడా మా వైపే, బీర్కూర్. పండగొస్తే ఇత్తడి సామాను తోమే ఇండ్లు మావి.

"విగ్రహం గింత నల్లగైనా ఎవ్వరు తోమలేదేంది అన్నా?" అని ఆయన్ను అడిగాను.

"చింతపండు, ఇటుకపొడి ఇస్త. రుద్దు తమ్మీ, బంగారమైతది."

పొద్దున ఆరుకు కూర్చున్నాను. ఎనిమిదికల్లా కుడిపాదం ధగధగలాడింది. మురిసిపోతూ ఎడమపాదం అందుకోబోయాను. సమాధిని చూసుకునే ముసలాయన అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. మా దుబాసీ చెప్తే తెలిసింది. ఆ నలుపు మురికి కాదట, శిల్పి కావాలని పట్టించిన రంగట. మా ఇంట్లో దేవుడి సామాను ఇట్లాగే తోముతామని దుబాసీతో ఆయనకు చెప్పించాను.

రేడియోలో సుబేదార్ సాబ్ గొంతు మోగింది. "ఎవడు చేసింది?"

"నేనే సాబ్."

"సామాను సర్దుకో. పండగ కాగానే ఇంటికి."

పరువు గంగలో కలిసింది. అయినా అంతకంటే పెద్ద భయం ఒకటుంది. నా తోముడుకు ఊరు రగిలితే?

పండగ నాడు ఆ పాదం కనబడకుండా పూలు కుప్పపోశాం. పదిగంటలకు ఎండ మండుతోంది. రెండు వర్గాలవాళ్లూ వచ్చి గుట్ట మీద చెరోపక్క నిలబడ్డారు. ముసలాయన నేరుగా వచ్చి వంగి, పూలన్నీ పక్కకు జరిపాడు. ఆయన నన్ను చూపిస్తూ ఏదో చెప్పాడు. దుబాసీ నా చెవిలో అన్నాడు:

"వాళ్లింట్లో దేవుడి సామాను తోమినట్టు మన పెద్దాయన కాలు తోమాడు, అంటున్నాడు."

ఒక అవ్వ పకపకా నవ్వింది. వచ్చి ఆ పాదం తాకి, చేయి కళ్లకద్దుకుంది. ఆమె వెనక ఇంకొకరు. ఈ పక్కవాళ్లు, ఆ పక్కవాళ్లు, ఒకే వరుస. నాకు ఏడుపొచ్చింది. సుబేదార్ సాబ్ మళ్లీ నా సామాను మాటెత్తలేదు.

ఇంకో ఆరునెలలు అక్కడే ఉన్నాను. ఇప్పుడు కామారెడ్డిలో ఎరువుల దుకాణం నడుపుకుంటున్నాను, హాయిగానే ఉన్నాను. కానీ బయల్దేరిన పొద్దున ట్రక్కులోంచి చూసింది మాత్రం కళ్లముందు నుంచి పోదు. ఒక తల్లి బిడ్డను రెండు చేతులా పట్టుకుని ముందుకు వంచింది. విగ్రహమంతా నలుపు. రోజూ తాకే జనం చేతులు మళ్లీ నల్లబడనివ్వని ఆ ఒక్క పాదం మీద బిడ్డ అరచేయి ఆనించింది.