నడిమి గేటు

ఆళ్లగడ్డ శిల్పశాలలో దస్తగిరి ముప్పై ఏళ్లుగా దేవుళ్లను చెక్కుతున్నాడు. కళ్లు మాత్రం వదిలేస్తాడు. వాటిని ప్రతిష్ఠ నాడు గుడిలో తెరుస్తారు. కళ్లు తప్ప అన్నీ వచ్చాయంటే అతని పని అయిపోయినట్టే.

ఈసారి నంద్యాల నుంచి ఒక రిటైరైన ఇంజనీరు ఫొటో తెచ్చాడు. జపాన్‌లో ఏదో పల్లె ఏటి మీద కట్టిన కాంక్రీటు డ్యాం. వయసులో ఉన్నప్పుడు అక్కడ కరెంటు పని నేర్చుకున్నాడట. దాన్ని నల్లరాతిలో చెక్కిమ్మన్నాడు.

గోడ వచ్చింది, కరెంటు తీసే ఇల్లు వచ్చింది. నడిమి గేటు ఒక్కటే మిగిలింది. దస్తగిరి దాని మీద ఉలి పెడతాడు, తీసేస్తాడు. పలకరించిన వాళ్లను కసురుతాడు.

"అదొకటి చెక్కితే అయిపోతాది కద నాయనా," అంది అన్నం తెచ్చిన కూతురు ఆర్షియా.

"అయిపోయిందని ఎట్ల తెలుస్తాది? దీనికి కండ్లు యాడుండాయి?"

మర్నాడు ఇంజనీరు వచ్చి రాయి చుట్టూ తిరిగి చూశాడు.

"నడిమి గేటు వదిలేసినావేమప్పా?"

దస్తగిరి ఉలీ సుత్తీ ఆయన చేతుల్లో పెట్టాడు.

"నాకు ఆడికే వచ్చు సార్. తెరిచేది మీరే."