గోడ పైన సందు

ఈ ఉదయం మా వంటింట్లో బొద్దింకల మందు కొట్టించాను. మూతికి గుడ్డ కట్టుకొచ్చిన పనివాడు తన డబ్బా సర్దుకుని వెళ్లిపోయి గంటయినా ఆ ఘాటు మాత్రం ముక్కును వదల్లేదు. అది తగిలితే చాలు, ఇరవై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చి చెవులు వేడెక్కుతాయి. ఆ వెనకే నారాయణమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. అప్పుడు కాస్త నెమ్మదిస్తాను.

మా ఇల్లు చింతామణి పాతపేటలో ఉంది. వరసగా ఆరిళ్లు, ఆరింటికీ కలిపి ఒకటే పెంకుల కప్పు. ఇంటికీ ఇంటికీ నడుమ మట్టిగోడ ఉంటుంది కానీ అది కప్పుదాకా పోదు, పైన జానెడు సందు మిగిలిపోయి ఉంటుంది. ఆ సందులోంచి పక్కింటి పోపు వాసన, పక్కింటి దగ్గు, పక్కింటి ఎలుకలు ధారాళంగా వచ్చిపోతుంటాయి. గోడలకు చెవులుంటాయని లోకం అంటుంది. మా గోడలకు రహదారే ఉంది.

నేను పుట్టింది బాగేపల్లి దగ్గర పరగోడులో, చేల మధ్య ఒంటిల్లు. ఎలుకలూ తేళ్లూ నాకు కొత్త కాదు. బొద్దింక మాత్రం చచ్చేంత భయం. కాపురానికొచ్చిన రెండో రోజే వంటింట్లో ఒకటి నా పాదం మీదుగా పరుగెత్తితే వీధంతా వినబడేలా కేక పెట్టాను. గోడ పైనుంచి ఒక ఆడగొంతు పలికింది.

"ఏమ్మా, పామా?"

"కాదు పెద్దమ్మా, బొద్దింక!"

"అంతేనా! ఎవరో పోయినారనుకొని నేను తలకి నీళ్లు పోసుకునేదానికి సిద్ధమైతి కదే!"

అలా ముఖం చూడకముందే ఆమెతో పరిచయమైంది. అరవై దగ్గర పడిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. భర్త పోయి చాలాకాలమైంది. మా వంటింటి గోడకు అవతలున్న వెనక గదిలో పట్టుపురుగులు మేపేది, ఆమె బతుకుతెరువు అదే. పల్లెలో ఉన్న తమ్ముడు మునియప్ప రోజూ పొద్దున్నే మోపెడ్ మీద మల్బరీ ఆకు తెచ్చి దించిపోయేవాడు. అతనికి బీడీ అలవాటు. పొగాకు పురుగుకు పడదు కాబట్టి, వీధిలోనే బీడీ ఆర్పి, పుక్కిలించి, చేతులు కడుక్కుంటే తప్ప గడప దాటనిచ్చేది కాదు.

ఇంట్లో చేరే పురుగూ పుట్రా సంగతి నాకు నేర్పింది ఆమే. రాత్రి పడుకోబోయే ముందు నీళ్లతొట్టి చుట్టూ గచ్చు పొడిబట్టతో తుడవమనేది. "బొద్దింక తిండి లేకున్నా బతుకుతాది, నీళ్లు లేకుంటే ఉండలేదు" అనేది. పురుగుల తట్టలుండే స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేది, చీమలెక్కకుండా. అది చూసి నేను పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టడం నేర్చుకున్నాను. ఎలుక బొక్కలో గాజుపెంకులు కూరి సున్నంతో మెత్తడం, మంచం కీళ్లలో వేణ్ణీళ్లు పోసి నల్లుల్ని చంపడం, అన్నీ ఆమె దగ్గర నేర్చినవే. నెలకోసారి ఆరిళ్లవాళ్లూ ఒకే రోజున సామానంతా వీధిలో ఎండకు వేసేలా చేసింది కూడా ఆమే. "ఒక ఇంట్లో దులిపితే పక్కింటికి చుట్టాలు పోతారు. దులిపితే అందరమూ దులపల్ల" అనేది. అప్పట్లో ఈ మాటకు నవ్వాను గానీ, అది బుర్రకెక్కలేదు.

మా పాపకు పదకొండో నెల. ఒక మధ్యాహ్నం దాని పాలగిన్నె మూత తీస్తే లోపల బొద్దింక తేలుతోంది. ఒళ్లు మండింది. మా నాన్న టమాటా తోటకు కొట్టగా మిగిలిన మందు సీసా ఒకటి పుట్టింటి నుంచి తెచ్చుకుని అటకమీద దాచి ఉంచాను. రైతుబిడ్డను కదా, మందు కలపడం నాకు ఒకరు నేర్పాలా! నీళ్లలో కలిపి, చేతిపంపుతో వంటింటి మూలమూలా కొట్టాను. గోడ పైకి పాకుతున్న వాటిని కూడా వదల్లేదు, సందు దాకా తరిమి తరిమి కొట్టాను. పెద్దమ్మ ఆ రోజు ఎవరిదో నామకరణానికి పోయి ఉంది. పొద్దుపోయి ఆమె తిరిగొచ్చేసరికి ఘాటు విరిగిపోయింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టంటారు. నేను తగలబెట్టింది నా ఇల్లు కాదు.

మరునాడు తెల్లారేసరికి గోడ అవతల ఏడుపు వినిపించింది. పాపను చంకనేసుకుని పరుగెత్తాను. నాలుగో జ్వరం, అంటే పొర విడిచే ముందు పడుకునే ఆఖరి నిద్ర, లేచి, ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులు తట్టల్లో తలలెత్తి మెలికలు తిరుగుతున్నాయి. నోటినుంచి పచ్చటి నీరు కారుతోంది. ఆకుమూటతో మునియప్ప గడపలో నిలబడిపోయాడు.

"టమాటా తోట పక్కన కోసినావేమిరా? మందు పడిన ఆకా?"

"లేదక్కా, నీ మీద ఆన. మన చేన్లోనే కోసింది."

"పురుగు అబద్ధం చెప్పదు. ఇంక నువ్వు ఆకు తేవద్దు. ఈ గడప తొక్కొద్దు."

అతను మూట దించాడు. మోపెడ్ స్టార్ట్ చేయకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ పోయాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

తేలు కుట్టిన దొంగలా మూడు రోజులు గడిపాను. పెద్దమ్మ చచ్చిన పురుగుల్ని గంపలకెత్తి గుంటలో పూడ్పించింది. నన్ను అనుమానించే ఆలోచనే ఆమెకు లేదు. "పాప పాలు తాగిందా అమ్మా?" అని గోడ పైనుంచి ఎప్పట్లాగే అడిగేది. ఆ పలకరింపు ముల్లులా గుచ్చుకునేది. చెబితే నా మొహం చూడదు, చెప్పకపోతే తమ్ముడి మొహం చూడదు. నా పరువు నిలబెట్టుకోవడానికి వాళ్ల బంధం తెగిపోనిస్తున్నానని నాకు బాగా తెలుసు. నాలుగో రోజు ఆమె అరుగు మీద కూర్చుని ఉంది.

"మా అమ్మ పోయినప్పుడు వాడు పాలు తాగే బిడ్డ. నా చంకలో పెరిగినోడు. వాడే ఇట్ల చేసినాడంటే ముద్ద దిగడం లేదమ్మా" అంది.

ఇక ఆగలేకపోయాను. అక్కడే చతికిలబడి, సీసా దగ్గర్నుంచి సందు దాకా అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆమె లేచి చెప్పులేసుకుంది.

"నా పురుగులు పోయినాయి, సరే. వాని సంగతేమి? పా, బిడ్డనెత్తుకో."

బస్సులో దారిపొడుగునా నా వైపు చూడలేదు. మునియప్ప చేలో కొమ్మలు కొడుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె ముందుకు పోయింది.

"తప్పు నాదిరా. విచారించకుండా నిన్ను అంటి" అంది. అరవయ్యేళ్ల అక్క చిన్న తమ్ముడి ముందు తలవంచుకుని నిలబడటం నేను చూశాను. ఆ తరువాత నా వంతు. ఏం చెప్పానో గుర్తులేదు, ఏడ్చింది మాత్రం గుర్తుంది. అతను కొడవలి పక్కన పెట్టాడు.

"మీ నాయన టమాటా పెడతాండాడు కదమ్మా? మందు కొట్టేముందు ఏమి చేస్తాడు?"

మా నాన్న పంపు భుజానికెత్తుకునే ముందు గట్టు మీద నిలబడి, "మందు కొడతాండాం, పసరాల్ని ఇవతలికి తోలొద్దండో!" అని నాలుగు దిక్కులకూ కేకేసేవాడు. చిన్నప్పుడు ఆ కేక వేసే పని నాదే.

"మందు కొట్టేది తప్పు కాదు. గట్టు అవతలోళ్లకి చెప్పల్ల, అంతే" అన్నాడు మునియప్ప.

పేటకొచ్చాక నాకు గట్టు లేదనుకున్నాను. గట్టు నెత్తిమీదే ఉంది, తలెత్తి చూడలేదు.

పెద్దమ్మ నాతో మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది. ఆ నెలంతా పాపను మాత్రం ఎప్పట్లాగే ఎత్తుకునేది. గది కడిగి, సున్నం కొట్టి, కొత్త పురుగుల్ని దించిన రోజున గోడ పైనుంచి పిలుపు వచ్చింది. "చేతులు కడుక్కోని రా. ఆకు వేద్దువు." ఆ లేత పురుగుల మీద సన్నగా తరిగిన ఆకు చల్లబోతే ఒకేచోట కుప్పగా పడింది. ఆమె నా మణికట్టు పట్టుకుని, "ఇట్ల, పలచగా" అంది. క్షమించానని ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు తరువాత నేను కూడా అడగలేదు.

ఆమె పోయి ఆరేళ్లయింది. వెనక గదిలో ఇప్పుడు తట్టలు లేవు, ఆ ఇంట్లో ఒక జంట అద్దెకుంటున్నారు, వాళ్లకో పసిబిడ్డ. మందు కొట్టేవాణ్ణి పిలిచే ముందు నిన్న సాయంత్రం ఐదిళ్ల తలుపులూ తట్టాను. పక్కింటి అమ్మాయి బిడ్డతో సహా పొద్దుటికే పుట్టింటికి బయల్దేరింది. సందుకు అడ్డంగా తడిపిన గోనెపట్టాలు నేనే స్టూలెక్కి కూరాను. మందువాడు నన్ను వింతగా చూశాడు.

ఇదంతా రాస్తుండగా వీధిలో దగ్గు వినిపించింది. మునియప్ప. ముసలివాడయ్యాడు, ఇప్పుడు బస్సులో వస్తాడు. వారానికోసారి నాకు మునగాకు తెచ్చిస్తాడు. గడప అవతలే బీడీ ఆర్పాడు, బకెట్లో నీళ్లు తీసుకుని పుక్కిలించాడు, చేతులు కడుక్కున్నాడు. లోపల పురుగుల్లేవని నేనూ చెప్పను, అతనూ మానడు. గడపలో నిలబడి గాలి పీల్చాడు.

"మందు కొట్టినావామ్మా?"

"కొట్టించినానప్పా" అన్నాను. "అందరికీ చెప్పే కొట్టించినాను."

అతను తలెత్తి గోడ పైన సందు వైపు చూశాడు. "అక్కా, ఇన్నావా?" అన్నాడు.