బదల్ అని అరిచిన జట్టు

ఎనభైల మొదట్లో జెబెల్ అలీ రేవుకు దగ్గర్లో మా కంపెనీ క్యాంపు ఉండేది. చెక్క గదుల వరసలు, ఒక వంటశాల, ఒక నీళ్ళ ట్యాంకు. వంటశాలకూ ట్యాంకుకూ మధ్య ఇసుకలో రెండు ఇనుప గొట్టాలు పాతి, వాటికి పాత చేపల వల కట్టి ఉండేది. అదే మా వాలీబాల్ కోర్టు. గీతలు సున్నంతో వేసేవారు. గాలి లేచినప్పుడల్లా ఇసుక వాటిని కప్పేసేది. మళ్ళీ వేసేవారు.

నేనక్కడ టైమ్ కీపర్‌ని. ఎవరు ఎన్నింటికి పనిలోకి దిగారో, ఎన్నింటికి దిగిపోయారో రాసుకోవడం నా పని. అంతకు ముందు కొన్నేళ్ళు ఒక దినపత్రికలో జిల్లా వార్తలు దిద్దినవాణ్ణి కాబట్టి క్యాంపులో నన్ను పేపర్ సారు అనేవారు. ఇంగ్లీషు చదవగలనన్న ఒక్క కారణంతో వాలీబాల్ జట్టుకు మేనేజర్‌ని చేశారు. బంతి ఎటు నుంచి వచ్చినా పక్కకు తప్పుకోవడమే నాకు తెలిసిన ఆట. మేనేజర్‌గా నా బాధ్యతల్లా ప్రతి మ్యాచ్‌కు ముందు ఆరుగురి పేర్లు, వాళ్ళు నిలబడే వరసలో, కాగితం మీద రాసి రిఫరీ చేతికివ్వడం.

చలికాలం శుక్రవారాల్లో కంపెనీల మధ్య పోటీలు జరిగేవి. పై డివిజన్‌లో ఆఫీసుల వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు. వాళ్ళకు సిమెంటు కోర్టులు, తెల్ల బూట్లు. కింది డివిజన్‌లో మాలాంటి క్యాంపుల వాళ్ళు. ఆ కింది డివిజన్‌లోనూ రెండేళ్ళుగా అందరికన్నా అడుగున ఉన్నది మేమే.

బలం తక్కువై కాదు. మావాళ్ళంతా కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, పొద్దంతా కాంక్రీటు మోసేవాళ్ళు. వాలీబాల్ వాళ్ళకు చిన్ననాటి నుంచీ తెలిసిన ఆట. చిక్కంతా అక్కడే ఉంది. పల్లెలో ఎవడి జాగా వాడిదే. కట్ కొట్టేవాడు, అంటే ఎగిరి బంతిని అవతలి నేలకు కొట్టేవాడు, జీవితాంతం నెట్టు దగ్గరే ఉంటాడు. వాడికి బంతి లేపి ఇచ్చేవాడు పక్కనే ఉంటాడు. వెనకవాళ్ళు వెనకే ముసలివాళ్ళవుతారు. లీగ్ రూలు అది కాదు. సర్వీస్ అవతలి వాళ్ళ నుంచి మనకు దక్కిన ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లులా ఒక్కో చోటు జరగాలి. ముందున్నవాడు వెనక్కి, వెనకున్నవాడు ముందుకి. జరగకపోతే విజిల్. చేతికొచ్చిన సర్వీస్ మళ్ళీ అవతలి వాళ్ళకు పోతుంది.

మా జట్టుకు ప్రాణం ఒక పొడుగాటి మనిషి. ఇనుప చువ్వలు కట్టే పని చేసేవాడు, కాంక్రీటు పోసే రోజుల్లో తట్టలూ మోసేవాడు. అతను ఎగిరి కొడితే బంతి ఇసుకలో గుంత పెట్టేది. అతన్ని వెనక్కి పంపడం ఎవరి వల్లా కాలేదు.

"నేను ఎనుకకు పోతే ముంగట కట్ ఎవడు కొడ్తడు సారూ? గీ పొట్టి కాకనా?" అనేవాడు.

పొట్టి కాక అంటే నలభై దాటిన మనిషి, మిక్సర్ దగ్గర సిమెంటు బస్తాలు కోసి పోసేవాడు. ఊళ్ళో అతన్ని బయటికి పోయిన బంతులు తేవడానికే పిలిచేవారట. అయినా మాట పడేవాడు కాదు. "కొడ్తె ఏమైతది ర? నీ లెక్క ఆకాశానికి తల తాకాల్నా?" అనేవాడు.

మూడో ఏడు పోటీలు మొదలవుతాయనగా మా ముదీర్ కోర్టు పక్కన జీపు ఆపాడు. ముదీర్ అంటే మా మేనేజరు, జోర్డాన్ నుంచి వచ్చిన ఇంజనీరు. చెడ్డవాడు కాదు, చోటు కరువైనవాడు. రేవుకు వచ్చిన పైపులు పెట్టడానికి ఆయనకు యార్డు కావాలి. కోర్టు మీద కన్ను పడింది. చుట్టూ చేరిన వాళ్ళ మొహాలు చూసి, తనకొచ్చిన హిందీలో ఒక మాట అన్నాడు.

"ఇస్ సాల్ టీమ్ ఊపర్ జాయేగా, మై సిమెంట్ దేగా, పక్కా కోర్ట్. నహీ జాయేగా, ఖలాస్. ఇధర్ పైప్."

జీపు వెళ్ళిపోయింది. పై డివిజన్‌కు వెళ్తే సిమెంటు కోర్టు, వెళ్ళకపోతే ఇక్కడ పైపులు. అందరూ మేస్త్రి వైపు చూశారు.

మేస్త్రి యాభై ఏళ్ళ మనిషి, కాంక్రీటు ముఠాకు పెద్ద. క్యాంపు కట్టిన మొదటి వారంలోనే ఆ గొట్టాలు మోసుకొచ్చి, పని దిగాక గుంతలు తవ్వి పాతింది ఆయనే. ఒక పక్క ఎడారి, ఒక పక్క కంచె వేసిన రేవు. గదికి పన్నెండు మంది. మనిషి గొంతెత్తి తన భాషలో అరవడానికి ఆ కోర్టు తప్ప చోటు లేదు. ఆయన ఆడేవాడు కాదు. గట్టు మీద కూర్చుని బీడీ కాల్చేవాడు. కానీ కోర్టు పోతే అందరికన్నా ఎక్కువ పోయేది ఆయనకే.

మొదటి మ్యాచ్ మా ఇసుకలోనే, కల్బా వాళ్ళతో. కల్బా తూర్పు తీరంలో ఉన్న ఊరు. ఆ జట్టంతా అక్కడి దుకాణాల్లో, కట్టడాల్లో పనిచేసే మలయాళీలు. వాళ్ళ కెప్టెన్ మీసాల దర్జీ. మా బలహీనత వాళ్ళకు ముందే తెలుసు. సర్వీస్ మాకు దక్కగానే ఆరుగురూ నవ్వుతూ వేళ్ళు గాలిలో తిప్పేవారు.

"ఓ ఆంధ్రా! ఘూమో భాయ్, ఘూమో!"

మావాళ్ళు తిరగలేదు. తిరిగినవాళ్ళు తప్పుగా తిరిగారు. ఒకసారి ఇద్దరు ఒకే చోటికి వెళ్ళి ఢీకొన్నారు. విజిల్ ఊదీ ఊదీ రిఫరీకి బుగ్గలు నొప్పెట్టి ఉంటాయి. మూడు సెట్లూ పోయాయి. ఆట అయ్యాక మా వంటమనిషి, గోదావరి జిల్లా ఆయన, చాయ్ పోస్తూ పొడుగాయనతో అన్నాడు.

"ఏమండోయ్, మీరు నెట్టు వదల్రు. వదలకపోతే రేపట్నించి పైపుల మీద బట్టలారేసుకుందాం లెండి."

ఆ వారం నేను నా పత్రికా బుద్ధి కొద్దీ పూనుకున్నాను. పెద్ద అట్ట మీద కోర్టు గీసి, ఆరు గడులకు అంకెలు వేసి, ఎర్ర సిరాతో బాణాలు పెట్టి, సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అందరూ తలలూపారు. లేచి కోర్టులో నిలబడగానే అంకెలూ బాణాలూ అట్ట మీదే ఉండిపోయాయి. వివరంగా రాస్తే అర్థమవుతుందని అన్నేళ్ళు నమ్మినవాణ్ణి. ఆ సాయంత్రం ఆ నమ్మకం కొంచెం తగ్గింది.

నాలుగు రోజుల తర్వాత పంపు గదికి పైకప్పు పోస్తున్నారు. క్రేన్ అందని చోటు కాబట్టి చేతి పనే. హాజరు రాసుకోవడానికి వెళ్ళి నిలబడ్డాను. మా మేస్త్రి ముఠాకు ఒక పద్ధతి ఉండేది. నిచ్చెనకు ఆరుగురు. ఒకడు మిక్సర్ దగ్గర తట్ట పట్టుకుంటాడు, ఒకడు నింపుతాడు, ఒకడు నిచ్చెన మొదలు దాకా తెస్తాడు. అక్కణ్ణించి ముగ్గురు నిచ్చెన మీద. కింద ఒకడు, నడుమ ఒకడు, పైన ఒకడు. నడుమ మెట్టు మీద నిలబడ్డవాడి భుజాలు విరిగిపోతాయి. అందుకని కొన్ని తట్టలకోసారి మేస్త్రి "బదల్!" అని కేకేస్తాడు. అందరూ ఒక్కో చోటు పైకి జరుగుతారు. పైన ఉన్నవాడు ఖాళీ తట్టలతో దిగి మిక్సర్ దగ్గరికొస్తాడు. బరువు అందరిదీ అవుతుంది.

ఆ రోజు మేస్త్రి ఒక కేక వేసి, రెండో కేక నోట్లోనే ఆపేశాడు.

"అరే, ఆగుండ్రి. కదలకుండ్రి ఎక్కడోల్లక్కడ."

తట్టలు గాలిలో ఆగాయి. ఆయన నా వైపు తిరిగాడు.

"సారూ, గీ ఆరుగురు ఇప్పుడు ఏం జేస్తుండ్రు?"

"కాంక్రీటు మోస్తున్నారు."

"మోసుడు గాదు సారూ. తిరుగుతుండ్రు. ఆరుగురే ఉండ్రు, జూడు."

నేను చూశాను. పొడుగాయన నిచ్చెన పై మెట్టు మీద ఉన్నాడు. కేక వినపడితే అతను దిగి మిక్సర్ దగ్గరికి రావాలి. అతనికది చెప్పనక్కర్లేదు, ఏళ్ళ తరబడి దిగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం కోర్టులో అంకెలు లేవు. మేస్త్రి ఒక్కొక్కర్నీ భుజం పట్టి నిలబెట్టాడు. వెనక కుడి మూల, సర్వీస్ కొట్టే చోటు, మిక్సర్. దాని పక్కన నింపేవాడు. ఎడమ మూల నిచ్చెన దాకా తెచ్చేవాడు. ముందు వరస ముగ్గురూ నిచ్చెన. మొదలు, నడుమ, పై మెట్టు. పై మెట్టు మీదివాడు దిగొచ్చి సర్వీస్ కొడతాడు.

"పై మెట్టు మీద రోజంత నిలవడ్తవార నువ్వు?" అని పొడుగాయన్ని అడిగాడు మేస్త్రి.

"ఎట్ల నిలవడ్త మామా? కిందోల్లు తిట్టరా?"

"మరి ఈడ తిడుతుండ్రు కదర ఇన్ని దినాలసంది. దిగు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వి దిగాడు. "యల్లా, బదల్!" అన్నాడు మేస్త్రి. ఆరుగురూ జరిగారు. తల తిప్పి పక్కవాణ్ణి చూసుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఆ తర్వాతి శుక్రవారం గెలిచాం. పై శుక్రవారం కూడా. మేస్త్రి గట్టు మీద బీడీ మానేసి గీత పక్కన నిలబడేవాడు. సర్వీస్ మాకు దక్కగానే ఆయన కేక, దాని వెంటే వంటమనిషి గరిటెతో గిన్నె మీద ఒక దెబ్బ. విజిల్ మోగలేదు. ఫిబ్రవరికి కింది డివిజన్‌లో పైన రెండు జట్లు మిగిలాయి, మేమూ కల్బా వాళ్ళూ. పైకి వెళ్ళేది ఒక్కటే. ఆఖరి మ్యాచ్ కల్బాలో.

కంపెనీ బస్సులో కొండలు దాటి వెళ్ళాం. వంటమనిషి డేక్సా నిండా పులిహోర కలిపి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఎవరడిగినా మూత తియ్యలేదు. "గెలిస్తే తిందాం. ఓడితే దిగులుతో ఎలాగూ తినరు కదండి, నేనొక్కణ్ణే తింటాను" అన్నాడు.

కల్బా వాళ్ళ కోర్టు సముద్రానికి దగ్గర. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక మొదలైంది. గాలికి బంతి వంకరగా పోయేది. మొదటి సెట్ వాళ్ళది, తర్వాతి రెండు మావి, నాలుగోది మళ్ళీ వాళ్ళది. అయిదో సెట్‌లో పదిహేనుకు పద్నాలుగు మాకు, పదమూడు వాళ్ళకు. సర్వీస్ వాళ్ళ చేతిలో. అప్పట్లో సర్వీస్ చేసిన జట్టు గెలిస్తేనే పాయింటు. ఆ బంతిని పొడుగాయన నెట్టు కుడి చివర నుంచి కొట్టి వాళ్ళ నడుమ దించాడు. సర్వీస్ మాకొచ్చింది.

"బదల్!"

అప్పుడు తెలిసింది మాకు. పొడుగాయన పై మెట్టు దిగాలి. దిగాడు. సర్వీస్ చోటుకు వెళ్ళాడు. నెట్టు నడుమకు వచ్చింది పొట్టి కాక.

వాళ్ళ కెప్టెన్ చెయ్యెత్తి ఆట ఆపాడు. మా వరస తప్పిందని రిఫరీతో వాదించాడు. అందులో అతని తప్పు లేదు. ఆ ఆఖరి పాయింటు దగ్గర అంత పొడుగు మనిషిని ఎవరైనా కావాలని వెనక్కి పంపుతారంటే ఎవరు నమ్ముతారు? రిఫరీ నేనిచ్చిన కాగితం జేబులోంచి తీశాడు. ఆయన కాగితం పట్టుకుని మావాళ్ళ చుట్టూ నడుస్తూ ఒక్కొక్కరి చోటూ సరి చూశాడు. మేస్త్రి మాత్రం సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. తన నిచ్చెన సంగతి ఆయనకు తెలుసు.

"సబ్ ఠీక్ హై," అన్నాడు రిఫరీ. కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పొడుగాయన సర్వీస్ కొట్టాడు. వాళ్ళు ఎత్తి కొట్టారు. మావాళ్ళు పడుతూ లేస్తూ పైకి లేపారు. బంతి పొట్టి కాక నెత్తి మీదికి వచ్చింది. అవతల ముగ్గురు చేతులెత్తి గోడలా లేచారు, కట్ వస్తుందని. కట్ కొట్టడం అతనికి రాదు. ఎగిరాడు, ఎగిరినంత ఎగిరి, తట్ట అంచు మీది కాంక్రీటును వేలితో తోసినట్టు బంతిని ఆ చేతుల పక్కనుంచి నెమ్మదిగా తోశాడు. అది వాళ్ళ ఇసుకలో, ఎవరూ లేని చోట, చప్పుడు లేకుండా పడింది.

తర్వాత ఎవరు ఎవరి భుజాల మీద ఉన్నారో నేను వరసగా రాయలేను. పొట్టి కాకను పొడుగాయన ఎత్తుకుని పరుగెత్తడం మాత్రం గుర్తుంది. "దించుర, నా కాళ్ళు భూమికి అందుతలెవ్వు!" అని కాక అరుస్తుంటే, "ఎప్పుడందినయ్ కాకా నీకు?" అని అతను. మీసాల దర్జీ వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "అగలా సాల్ హమ్ భీ ఊపర్ ఆయేగా," అన్నాడు, వచ్చే ఏడు తామూ పైకి వస్తామని. వంటమనిషి డేక్సా మూత తీశాడు. రెండు జట్లూ కలిసి తిన్నాయి.

ముదీర్ మాట తప్పలేదు. వారం తిరక్కుండా సిమెంటూ కంకరా దించాడు. పోసుకున్నది మేమే, ఒక శుక్రవారం పొద్దున్నే. నేల మీది పనికి నిచ్చెన అక్కర్లేదు. అయినా మేస్త్రి ఆగాగి "బదల్!" అంటూనే ఉన్నాడు, అందరూ జరుగుతూనే ఉన్నారు. నేనూ తట్టలు అందుకున్నాను. నడుమ చోటు ఎంత బరువో ఆ రోజే తెలిసింది.

కొత్త కాంక్రీటుకు వారం రోజులు నీళ్ళు పట్టాలి, తొక్కకూడదు. గెలుచుకున్న కోర్టు చుట్టూ వారం రోజుల పాటు సాయంత్రాలు బకెట్లతో నిలబడ్డాం, లోపల అడుగు పెట్టకుండా. మూడో రోజు ముదీర్ జీపు దిగి, నవ్వుకుంటూ, బూట్లతో నేరుగా కోర్టు వైపు నడిచాడు. మేస్త్రి ఆయన ముందు గొంతు పెంచడం అప్పటి దాకా ఎవరూ వినలేదు.

"ముదీర్! నహీ! గీలా హై!"

ముదీర్ ఒక కాలు గాలిలో ఉంచి ఆగిపోయాడు. తడిసి నల్లగా మెరుస్తున్న కోర్టును చూశాడు. మేస్త్రిని చూశాడు. ఆ కాలు వెనక్కి తీసుకుని, బూట్లు ఇసుకలో దిగబడుతుండగా, కోర్టు అంచు వెంబడే చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్ళాడు.

మేస్త్రి బకెట్ ఎత్తి ఆ మూల కొంచెం పొడిగా కనిపించిన చోట నీళ్ళు చల్లాడు.