పసుపు గీతల గుండు

ఆ రోజుల్లో నెత్తి మీదుగా విమానం వెళితే తొండుపల్లిలో పెద్దవాళ్లు కూడా పని ఆపి తలెత్తి చూసేవారు. విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజులవి. నేను మాత్రం కిందికే చూసేదాన్ని, రాళ్ల కోసం. బడి గడప తొక్కకుండా అమ్మ దగ్గరే చదువుకుని, పరీక్షలు మాత్రం బయట రాసినదాన్ని (అమ్మ పోపు వేస్తూనే పాఠం చెప్పేది, భూగోళం అంటే నాకిప్పటికీ ఇంగువ వాసనే). అలాంటి నాకు ఊళ్లోని చిన్న బడిలో టీచరుగా చేరే అవకాశం వచ్చింది, భగవంతుడి దయ. షరతు ఒక్కటే: శుక్రవారం పొద్దున శిలాచక్రం మీద పాఠం చెప్పి పెద్దసారును మెప్పించాలి.

బడి వెనక ఏనుగంత గుండురాయి ఉండేది. సారు దాన్ని పగలగొట్టించి అక్కడ రేకుల షెడ్డు వేయించాలని చూస్తున్నారు. అది పోయేలోపు దానితోనే పాఠం చెప్పిద్దామనుకుని, గురువారం సాయంత్రం వెళ్లి పొరలు ఊడబోయే చోట్లు సుద్దముక్కతో గీశాను. బూడిదరంగు రాయి మీద సుద్ద కంటికి ఆనలేదు. సంచిలో గుడి నుంచి తెచ్చిన పసుపు, కుంకుమ పొట్లాలున్నాయి. నీళ్లు దిగే పగుళ్లకు పసుపు, ఊడబోయే పొరలకు కుంకుమ బొట్లు పెట్టి, ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయి, అలవాటు కొద్దీ ఓ నమస్కారం కూడా పెట్టి ఇంటికొచ్చాను.

పొద్దున పిల్లలతో, సారుతో వెళ్లేసరికి గుండు ముందు కొబ్బరిచిప్పలు, వేపమండలు, అగరొత్తుల పొగ, పదిమంది ఆడవాళ్లు. ఇంటింటికీ పాలు పోసే పాలక్క తెల్లవారుజామునే దాన్ని చూసిందట. అందరికంటే ముందు ఆమే నిలబడి ఉంది.

"చెప్పులు గాడనే ఇడువుండ్రి సారూ. అమ్మ వెలిసింది."

సారు మొహంలో రేకుల షెడ్డు కూలిపోవడం కనిపించింది, దాని వెనకే నా ఉద్యోగం.

"అవి నేను పెట్టిన గుర్తులక్కా, పాఠం కోసం," అన్నాను.

పాలక్క జాలిగా చూసింది. "నువ్వు పెట్టినవా? అమ్మ నీతోని పెట్టిచ్చింది బిడ్డా. నీకేం ఎర్క."



"జల్ది కానియ్యమ్మా," అన్నారు సారు పళ్లు బిగబట్టి.

చెప్పులు విడిచి మొదలుపెట్టాను. భూమి కడుపులో కరిగి ఉన్నది చల్లారి రాయైందని, పైనున్నదంతా యుగాల తరబడి అరిగి కొట్టుకుపోయి ఇది బయటపడిందని, ఎండా వానా కలిసి దీన్ని ఉల్లిపాయలా ఒలుస్తున్నాయని, ఒలిచింది ఇసుకై, మొరమై, మన చేలల్లో ఎర్రమట్టై, వానకు కొట్టుకుపోయి నీటి అడుగుకు చేరుతుందని, అక్కడ పేరుకుని అణిగితే మళ్లీ రాయవుతుందని, అది లోతుకు దిగితే మళ్లీ కరుగుతుందని చెప్పుకుపోయాను. పిల్లల కంటే భక్తులే శ్రద్ధగా విన్నారు.

"అంటే అమ్మ మల్ల మల్ల పుడ్తనే ఉంటదన్నట్టు," అంది పాలక్క. ఆమె సారు వైపు తిరిగింది. "గీ పిల్లను పోనియ్యకుండ్రి సారూ. అమ్మకు కోపమొస్తది."

సారు గుండును చూశారు, నన్ను చూశారు. ఇద్దరిలో ఎవరినీ కదిలించే ధైర్యం లేకపోయింది పాపం. "సోమవారం నుంచి రామ్మా," అన్నారు.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల గుండ్లన్నీ కంకరై ఇళ్ల పునాదుల్లోకి వెళ్లిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. ఏ రాయీ ఉన్నట్టు ఉండదని చెప్పబోయి, ఒక రాయిని ఉన్నచోటే ఉంచేసిన ఆ అమ్మాయిని తలచుకుంటే నవ్వొస్తుంది. అటు వెళ్లినప్పుడల్లా చెప్పులు విడిచి దండం పెట్టుకుంటాను, అన్నం పెట్టిన తల్లి కదా. లేచేటప్పుడు మాత్రం, నేను బొట్టు పెట్టిన పొర ఊడిందేమోనని ఓ కంట చూస్తాను. ఇంకా ఊడలేదు. ఆమెకేం తొందర.